దొరకని రింగు ముక్క

"...ఆ ముక్క పొగతోపాటు బయటికి పోవడం నువ్వు చూశావా?" అంటోంది ఇసోయె. "చూశావో లేదో చెప్పు."

"పొగని చూస్తూ ఎవరు కూర్చుంటారే?" అన్నాడు తోకుజి. "పోక ఎక్కడుంటుంది? అయస్కాంతం పెట్టి కూడా వెతికాను."

"చెయ్యి దూరినంతవరకే వెతికావు."

పడవల షెడ్డులో నేలమీద పాత పేపరు పరిచి ఉంది. దానిమీద కిరోసిన్‌తో కడిగిన పడవ మోటారు పిస్టన్, దాని విరిగిన రింగు ముక్కలు. ఇసోయె ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. గుండ్రం పూర్తి కాలేదు. చిటికెనవేలి గోరంత ఖాళీ మిగిలింది.

నేనూ మినోరీ గుమ్మం దగ్గర కూర్చుని మా వలసంచులు బాగుచేసుకుంటున్నాం. మేం చిప్పలకోసం ఒడ్డునుంచి ఈదుకుంటూ పోయి సముద్రంలోకి దిగేవాళ్ళం. పడవ మీంచి తాడు కట్టుకుని దిగేది మా రేవులో ఇంక ఇసోయె ఒక్కతే. వాళ్ళమ్మా అలాగే దిగేది, నాన్న తాడు లాగేవాడు. ఆయన నడుం పడిపోయాక, దూరపు చేపల ఓడ మీద పనిచేస్తున్న ఆమె మొగుడు తోకుజి అది మానుకుని వచ్చి ఆ తాడు అందుకున్నాడు. నీళ్ళమీద వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా ఎవరూ వినలేదు. ఇసోయె బరువు పట్టుకుని అడుగుదాకా జారిపోతుంది, రాతికి కరుచుకుని ఉండే అవాబి చిప్పల్ని పెళ్ళగిస్తుంది, ఊపిరి అయిపోవస్తే తాడు గుంజుతుంది. తోకుజి పైకి లాగుతాడు. అంతసేపూ పడవ ప్రవాహానికి కొట్టుకుపోకుండా నిలబెట్టేది ఆ మోటారే. అది ఆగితే పడవ జరుగుతుంది, పడవతో తాడు, తాడుతో మనిషి. చిప్పలు బాగా దొరికే పెద్దబండ దగ్గర నీళ్ళడుగున రాళ్ళు రంపపు పళ్ళలా ఉంటాయి. ఇసోయె మేనత్త తాడు అక్కడే దొరికింది. తాడు మాత్రమే.

పెద్దబండ దగ్గర దిగడానికి మత్స్యకారుల సంఘం అనుమతిచ్చేది ఏడాదికి ఒక్క రోజే. అది రేపే.

పని తోకుజి శ్రద్ధగానే చేశాడు. సిలిండరు గోడమీద గీతల్ని సన్నకాగితంతో నునుపు చేశాడు. కొత్త రింగుల్ని గాడిలో కూర్చి, ఒక్కో రింగు నోరు గాడిలోని బుల్లి మేకు దగ్గరకే వచ్చిందా అని వేలితో తడిమి చూశాడు. కానీ ఆ ముక్క లోపలికి, క్రాంకు తిరిగే చోటికి జారి ఉంటే, మోటారు ఎప్పుడైనా పట్టేసి ఆగిపోవచ్చు; అంతా ఊడదీస్తే తప్ప అది కనపడదు. దానికి రేపు పొద్దున్నదాకా ఉన్న వ్యవధి చాలదు.

ఇసోయె తలగుడ్డ మీద నల్లదారంతో నక్షత్రం కుట్టి ఉంది. మా అందరి గుడ్డలమీదా ఉంటుంది. మొదలుపెట్టిన చోటికే సూది తిరిగి రావాలి, దిగిన మనిషి కూడా అలాగే పైకి రావాలని. కుట్టు కలవని గుడ్డని ఎవరూ కట్టుకోరు. పేపరు మీది ఆ ఖాళీని ఆమె చూస్తున్న తీరు నాకు నచ్చలేదు.

తోకుజి అన్నీ బిగించి, మోటారుని నీళ్ళ పీపాలో దించి దాని స్టార్టు తాడు లాగాడు. మొదటి గుంజుకే అందుకుంది. ఇన్నేళ్ళలో అంత మెత్తగా అది ఎప్పుడూ ఆడలేదు.

"విను," అన్నాడు. "పెళ్ళికొడుకులా ఉంది."

"పెళ్ళికొడుకుల్ని నేనూ చూశాన్లే," అంది ఇసోయె.

మినోరి నవ్వింది. అప్పుడే లోపల ఎక్కడో టిక్కుమంది. ఒక్కసారే. మళ్ళీ రాలేదు. ఇసోయె వచ్చి మూతమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

"కొత్త రింగులు. సర్దుకుంటాయి," అన్నాడు తోకుజి, ఆమెవైపు చూడకుండా.

"రేపు నేను ఒడ్డునుంచే దిగుతాను."

అతను మోటారు ఆపేశాడు. "మరి పెద్దబండ?"

"ఉండనీ."

"ఉండదు. మధ్యాహ్నానికి పక్క రేవువాళ్ళు ఊడ్చేస్తారు. మీ అమ్మ దిగిన బండ అది."

తోకుజి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం వైపు తిరిగాడు.

"మినోరీ, తాడుతో దిగడం నేర్చుకోవాలని అడుగుతుంటావు కదా?"

మినోరి పట్నంనుంచి వచ్చిన పిల్ల. చలికాలంలో కూడా అందరికంటే ముందు నీళ్ళలో ఉంటుంది. దాని ఒళ్ళోంచి వలసంచి జారి కిందపడింది.

"నిజంగానా బాబాయ్? రేపేనా?"

"రేపే. భయమా?"

"భయమెందుకు? పడవలో నువ్వుంటావుగా."

నేను నోరు తెరిచేలోపే ఇసోయె వంగి, పేపరు నాలుగు మూలలూ దగ్గరకు తెచ్చి ముక్కల్ని మూట కట్టింది. తోకుజి అరచేతిలో పెట్టింది.

"ఆ పిల్ల వద్దు," అంది. "నేనే దిగుతాను."