ఇరవై అయిదో ఇంటి తలుపు

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనుక సందులో ఆరేళ్లుగా జావా అనే కంప్యూటరు భాష బోధిస్తున్న కామరాజుకు ఏమీ రాదనడం అన్యాయం. ఆయనకు నోట్సు వచ్చు. అర్థమెరుగక మంత్రం వల్లించే పురోహితుడికి కనీసం స్వరశుద్ధి ఉంటుంది. ఈయనకు ఉన్నదల్లా గొంతు.

రెండువేల నాలుగు శ్రావణంలో సంస్థ యజమానురాలు అరుణాదేవి ఒక పరీక్ష పెట్టింది. పంజాగుట్ట నుంచి వచ్చిన కొత్త బోధకుడికీ ఈయనకూ చెరొక ఉచిత డెమో క్లాసు. ఎవరి వద్ద ఎక్కువమంది చేరితే ఉదయపు బ్యాచ్ వారిది, రెండోవారికి ఉద్వాసన.

ప్రత్యర్థిని మించాలన్న ఆత్రంతో కామరాజు తానెన్నడూ నడిపి చూడని అధ్యాయం ఎత్తుకున్నాడు: జావా ప్రోగ్రాములోంచి సీ అనే మరో భాష లైబ్రరీలోని ఫంక్షన్‌ను, అంటే ముందే రాసిపెట్టిన ఆదేశాల ముక్కను, పిలవడం. జావా తన కల్పిత యంత్రమనే ప్రాకారం లోపల నడుస్తుంది. సీ ఆ గోడకు వెలుపలిది. వెలుపలి దేవతను ఆవాహన చేసేవాడు నామమూ హవిస్సూ తప్పరాదు. ఆయన ఎంచుకున్న ఫంక్షన్, అక్షరాలుగా దాచిన అంకెలను లెక్కకు పనికొచ్చే సంఖ్యగా మారుస్తుంది. ఆ అక్షరాలు మెమరీలో ఎక్కడున్నాయో చిరునామా అడుగుతుంది. కామరాజు చిరునామాకు బదులు ఇరవై అయిదు అనే సంఖ్యనే సమర్పించాడు.

“భయం లేదండీ, ట్రై-క్యాచ్ పెట్టాను. ఏ ఎర్రరొచ్చినా దొరికిపోద్ది,” అని మీట నొక్కాడు.

ఎర్రరు దొరకలేదు. దానిని పట్టవలసిన జావా యంత్రమే కూలిపోయింది.

“వైరస్సండీ.” రెండో కంప్యూటరుకు మారాడు. అక్కడా కూలింది. మూడోదానిలోనూ అంతే.

ముందు బెంచీలోని దివ్యశ్రీ లేచింది. “సార్, గా ఫంక్షన్ అడ్రస్ అడుగుతుంది. మీరు ఇరవై అయిదని ఇచ్చిండ్రు. గా నంబరింట్ల ఎవరున్నరో తెల్వకుంట తలుపు నూకితే తన్నరా? గోడ అవుతల జరిగినదానికి మీ క్యాచ్ సుత ఏం జేస్తది?”

గది గొల్లుమంది. తెలియదని ఒక్క మాట అని ఉంటే మనిషిగా మిగిలేవాడు.

“ఏమ్మా, నాది ఆరేళ్ల ఎక్స్‌పీరియన్సు. కూర్చో!” అని గద్దించి, తెరను తనవైపు తిప్పుకొని, సీని పిలిచే వరుసను చెరిపేశాడు. దాని స్థానంలో 25 అని చూపే జావా వరుస ఒకటి చేర్చాడు. తెరను మళ్లీ సభకు తిప్పాడు. 25 వెలిగింది.

“చూశారా? సీలోంచి వచ్చింది!”

ఇందాక నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు.

“గిందుల సీ యేడుంది సార్?” అంది దివ్యశ్రీ, సంచీ భుజాన వేసుకుంటూ.

“జర ఊకోరాదు! ఇంటర్వ్యూల గిది అడుగరు,” అన్నాడు పక్కనున్న రాకేశ్.

ఆమె ఒక్కతే వెళ్లిపోయింది. కామరాజు వద్ద ముప్పై ఎనిమిది మంది చేరారు, కొత్త బోధకుడి వద్ద అంతకన్నా తక్కువమంది. ఫలితం తేలగానే కొత్త బోధకుడికి సెలవు చెప్పారు.

మరునాడు కామరాజు నోట్సులో ఆ అధ్యాయాన్ని అడ్డంగా కొట్టించి, రాకేశ్ మాటనే తన ఉపదేశంగా చెప్పాడు: “ఇంటర్వ్యూలో అడగరు.” శిష్యులు దానిని ఎర్ర సిరాతో, శ్రద్ధగా రాసుకున్నారు.