పక్క మంచం సీసాలు

గొర్ల వెంట తిరిగే మనిషి కాలికి ముల్లు గుచ్చుకోవడం ఒక వార్తా? మా ఆయన గట్టు మీద కూర్చుని, పిన్నీసుతో దాన్ని లాగి పారేసి, మళ్లీ మందను అదిలిస్తాడు. అందుకే ఆ ఏడు వానలు తగ్గాక మడమలో తుమ్మముల్లు విరిగిందంటే నేను తల కూడా ఎత్తలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టాను. మడమ వాచింది. వాపు పిక్కకు పాకింది, జ్వరం వచ్చింది. ఊళ్లో సూది వేయించాం. ఆ పొద్దు దుప్పట్లు ఎన్ని కప్పినా మంచం కిర్రుకిర్రుమని ఊగేంత వణుకు పుట్టింది. వణుకు తగ్గాక ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగిందని నేను సంబరపడి జావ కాచాను. జావ తెచ్చేసరికి ఆయన గోడ వైపు తిరిగి "హో, హో" అంటూ లేని గొర్లను తోలుతున్నాడు.

ఆటోలో వేసుకుని తాండూరు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు కాలు కంటే ముందు చేతివేళ్లు చూశాడు. గోరు మీద గట్టిగా నొక్కి వదిలాడు. తెల్లబడ్డ గోరు మళ్లీ ఎర్రబడడానికి చాలాసేపు పట్టింది. ఎప్పటినుంచి ఒంటికి పోలేదని అడిగాడు. పొద్దుటినుంచి పోనేలేదని అప్పుడు గుర్తుకొచ్చింది నాకు.

"గింత చల్లగైందని ఖుషి అయితున్నవా అమ్మా? ఇది దిగిన జరం గాదు. చీము రక్తంలకు ఎక్కింది. సెప్సిస్ అంటరు. నిలవడకు, వికారాబాద్ తీస్కపో" అన్నాడు.

వికారాబాద్‌లో ఆసుపత్రి వాళ్లు నేరుగా ఐసీయూలోకి తీసుకుపోయారు. మందులు మొదలుపెట్టారు, చీము తీశారు. బయట హాల్లో చాపలు, టిఫిను గిన్నెలు, గోడకు ఆనుకుని కూర్చున్న ఆడవాళ్లు. వాళ్ల మధ్య నాకు జాగా ఇచ్చిన మనిషి బొంరాస్‌పేట వైపు పెద్ద రైతుల ఇంటి పటేలమ్మ. మూత్రంలో చీము పట్టి వాళ్ల ఇంటాయన కూడా అదే పొద్దు వచ్చాడు, ఆ జబ్బుతోనే. లోపల మా ఆయన పక్క మంచమే ఆయనది.

"కూసో పిల్లా. నిలవడితే లోపల ఉన్నోళ్లు బాగైతరా? కాళ్లే వట్టుకుంటయి" అంది.

నేను ఆమె చాప మీద కూర్చోక, పక్కన బండల మీద కూర్చున్నాను. మా వైపు పటేళ్ల ఇళ్లలో అంతే కదా మరి. ఆమె నా చెయ్యి పట్టి చాప మీదికి లాగింది.

కాసేపటికి ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి మా ఇద్దరినీ వేరువేరుగా పిలిచి మాట్లాడింది. నాకు ఆమె చెప్పినది ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈ జబ్బులో మొదట్లో సెలైన్ ఎంత ఎక్కించాలి అన్నది ఇంకా తేలలేదమ్మా. కొందరికి సెలైన్ ఎక్కువ ఇస్తాం. కొందరికి తక్కువ ఇచ్చి, బీపీ నిలబెట్టే మందు తొందరగా మొదలుపెడతాం. రెండు పద్ధతులూ ఉన్నవే. ఏది మేలో తెలుసుకోవడానికే ఈ పరిశోధన. ఎవరికి ఏది అన్నది మేం నిర్ణయించం, కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుంది. మిగతా మందులు అందరికీ ఒకటే. ఇష్టం లేకపోతే వద్దనండి, వైద్యం ఆగదు."

చీటీలంటే నాకు తెలుసు. ఎండాకాలం మా మందను ఎవరి చేన్లో ముందు ఆపాలని రైతులు కొట్లాడుకుంటే చీటీలే వేస్తాం. చీటీ వచ్చినవాడి చేన్లో ఎరువు ముందు పడుతుంది, రానివాడు మొహం ముడుచుకుంటాడు. సరేనని సంతకం పెట్టాను. పటేలమ్మ కూడా పెట్టింది.

తేడా అంతా ఆ తర్వాతే కనపడింది. అద్దాల తలుపు దగ్గర నిలబడితే రెండు మంచాలూ కనిపించేవి. పక్కాయనకు ఒక సీసా అయిపోతుంటే ఇంకొకటి తగిలించేవారు. మా ఆయనకు ఒకటే సీసా, అదీ చుక్క చుక్క. పక్కన ఒక చిన్న మిషన్లో సన్న సూదిమందు. మా ఊళ్లో ఎవరికైనా బాగాలేకపోతే డాక్టరు ఏం చేశాడని ఎవరూ అడగరు, ఎన్ని సీసాలు ఎక్కించాడని అడుగుతారు. సీసాలు ఎక్కించకుండా పంపినవాడు డాక్టరే కాదు మాకు. అలాంటి కళ్లతో ఆ అద్దంలోంచి చూశాను.

లోపలికి పోతున్న సిస్టరమ్మను ఆపి అడిగేశాను.

"మా ఆయన గొర్లకాడి మనిషనేనా అమ్మా, గింత పిసరంత వోస్తున్నరు?"

"అట్ల గాదమ్మా. డాక్టరమ్మ చెప్పింది గద నీకు. ఆయనకు గా మిషన్ల మందు వోతున్నది సూడు."

"మిషన్ల మందు వేలంత లేదు. గా మంచానికైతే బోరు వేసినట్టు వోస్తున్నరు."

చాప మీదినుంచి పటేలమ్మ విన్నది. లేచి వచ్చింది.

"నా దగ్గర అనకుండ సిస్టరు దగ్గర అంటవా? సిస్టరమ్మా, ఇప్పుడు కట్టే సీసా గాయనకు కట్టు. మా ఆయన ఏమనుకోడు. ఆయనకు ఇంట్ల చెంబెడు నీళ్లు తాగుమంటేనే కోపమొస్తది."

"బస్సుల సీటా అమ్మా, పక్కోళ్లకు ఇచ్చేటందుకు?" అంది సిస్టరు. హాల్లో అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. "ఎక్కిచ్చుకోండ్రి పటేలమ్మా, మీకేం తక్కువ. ఎన్నెక్కినా మీకే ఎక్కుతయి" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె తన టిఫిను విప్పి నాకు సగం జొన్నరొట్టె పెట్టింది. ఆకలికి తిన్నాను.

మర్నాటికి పటేలుగారి మొహం ఉబ్బింది. కనురెప్పలు తెరుచుకోలేనంత ఉబ్బింది. ఆయాసం ఎక్కువై ఊపిరి మిషన్ పెట్టారు. సీసాలు ఆపి, ఒంట్లో నీరు బయటికి పోయే మందు ఇచ్చారని పటేలమ్మే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా మొహం చూడలేదో, నేనే ఆమె మొహం చూడలేదో.

ఆ తర్వాతి పొద్దు టీ పోసే వేళకు ఆయన పోయాడు. పటేలమ్మ కొడుకు, అల్లుడు బండి మాట్లాడుతున్నారు. ఆమెతో గేటు దాకా పోవడం నా ధర్మం. చెప్పులు కూడా వేసుకున్నాను. అంతలో నన్ను పిలిచారు. మా ఆయన కళ్లు తెరిచాడు, వచ్చి చూసుకోమన్నారు. పటేలమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "పో, నీ పెనిమిటిని సూసుకో పో" అంది. నేను పోయాను. ఒక్క మాట కూడా అనకుండా లోపలికి పరుగెత్తాను.

"సల్ల కావాలె" అన్నాడు మా ఆయన. మజ్జిగ అడిగాడంటే ఇక బతికినట్టే. ఏడుస్తూ నవ్వాను. నవ్వుతుంటే పక్కన ఖాళీ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు.

"పక్క మంచం పెద్దమనిషి ఏడి?" అని అడిగాడు. "నేను గొర్లను పిలుస్తుంటే, నీ గొర్లను నేను జూస్త తియ్యి, నువ్వు పండుకో అన్నడు. మస్తు మంచిగ అన్నడు."

"ఇంటికి వోయిండు" అన్నాను.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగాను. తక్కువ నీళ్ల చీటీ మంచిదా, ఎక్కువ నీళ్లదే ఆయన్ని తీసుకుపోయిందా అని. సీసాల మీద నా కళ్లు పడ్డాయని కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. నా పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"కళ్లు పడితే మనుషులు పోరమ్మా. ఆయనకు గుండె ముందునుంచే బలహీనం. ఇంట్లో చాలా రోజులు జ్వరంతో ఉండి వచ్చారు. చీటీ గురించంటే, నాకు నిజంగా తెలీదు. ఇద్దర్ని చూసి చెప్పలేం. చాలామందిని చూడాలి, చాలా ఊళ్లలో."

ఔనన్నా బాగుండేది, కాదన్నా బాగుండేది. ఏదో ఒకటి పట్టుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. తెలీదన్న మాటను ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక గొర్లకు తొట్టిలో నీళ్లు పోస్తూ కూడా అదే ఆలోచన. ఆ ఇంట్లో మనిషి పోయి, మా ఇంట్లో మనిషి తింటున్నాడు. ఆయన తృప్తిగా తిన్నప్పుడల్లా నేను కంచం పక్కకు జరిపేదాన్ని.

కంది కోతలైపోయాక మా ఆయన మళ్లీ మందతో పోవడం మొదలుపెట్టాడు. కర్ర ఆసరాతోనే. ఒకనాడు, పక్క మంచం ఆయన్ని చూసి వద్దాం పద అన్నాడు. రేపు అన్నాను, మాపు అన్నాను. చివరికి తాండూరులో, బొంరాస్‌పేట వైపు పోయే కొడంగల్ బస్సెక్కించాడు. ఇక అక్కడ చెప్పక తప్పలేదు.

"గాయన ఇంటికి వోలేదు. దవాఖానలనే పాణం వోయింది. నువ్వు కండ్లు తెరిచిన పొద్దే."

కిటికీ వైపు తిరిగాడు. "నాతోని అబద్ధమాడినవు" అన్నాడు. కోపంగా అయినా అనలేదు. "అయితే ఇంక ఖచ్చితంగ వోవాలె" అన్నాడు. నాకైతే బస్సు దిగి వెనక్కి పోదామనిపించింది. సీసాల సంగతి ఆయనకు చెప్పలేదు. అది చెప్పాల్సింది ఆయనకు కాదు.

పటేలమ్మ వాకిట్లో చేట పట్టుకుని కందులు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట దించింది. మా ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"గీయనేనా? పండుకున్నప్పుడు గింత పొడుగు కనవడలేదు" అంది.

మా ఆయన ఆమె కాళ్లు మొక్కి, పటేలుగారు అన్న మాట చెప్పాడు. నా గొర్లను చూస్తానన్నాడమ్మా అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్ల ఒక్క బర్రెను గట్టేయలేదు గా మనిషి" అని, నవ్వబోయి ఏడ్చింది.

ఆయన గొడ్ల కొట్టం వైపు పోయాక నేను మొదలుపెట్టాను.

"పటేలమ్మా, నేను గా దినం సీసాల మీద ఒక మాటన్న. అది నన్ను తింటున్నది."

"నువ్వన్న మాటకు మనుషులు వోతే, నా నోటికి మా ఊర్ల ఒక్కరు మిగలకపోదురు."

"ఊకె అనలే అమ్మా. కడుపుల మంటతోని అన్న."

ఆమె కాసేపు చేటలో కందుల్ని వేలితో కదిలించింది.

"నేను గూడ లెక్కపెట్టిన పిల్లా, సీసాలు. మాకే ఎక్కువిస్తున్నరని లోపల సంబురపడ్డ. నీకు ఇయ్యమని పైకే అన్న. సిస్టరు ఒప్పుకోదని తెలుసు నాకు. గది నన్ను తింటున్నది."

నేను చేట అందుకుని చెరగబోయాను. అప్పుడే నా ఫోన్ మోగింది. ఆ డాక్టరమ్మే. పరిశోధనలో ఉన్నవాళ్లందరినీ ఇప్పుడు అడుగుతున్నామమ్మా, మీ ఆయన ఎలా ఉన్నారు, తన పనులు తాను చేసుకుంటున్నారా, నడుస్తున్నారా అంది.

లేచి గోడ పక్కకు పోయాను. కొంగు అడ్డం పెట్టుకుని, వినీ వినపడకుండా ఊ అన్నాను.

"గట్టిగ చెప్పు పిల్లా" అంది పటేలమ్మ వెనకనుంచి. "గామె దవాఖానామెనే గద? మొన్న నాకు గూడ చేసింది. గా లెక్కల మా ఆయన గూడ ఉన్నడట. సగం సగం చెప్పకు ఆమెకు."

"వినపడటం లేదమ్మా. నడుస్తున్నారా?" అంది ఫోన్లో.

కొట్టం దగ్గర మా ఆయన కర్ర గోడకు ఆనించి, వాళ్ల బర్రె పలుపు సరిచేస్తున్నాడు. పటేలమ్మ కూడా అటే చూస్తోంది.

"నడుస్తున్నడమ్మా" అన్నాను. ఆ ఇంట్లో, ఆ వాకిట్లో, ఆమె వింటుండగా గట్టిగా అన్నాను. "తన పనులు తనే చేస్కుంటున్నడు."