యలమందయ్య ఒట్టు, వేలూరిపాడు సీటు

మిరపకాయ బస్తాలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు పోతున్న మీరా హుస్సేన్‌కి, చిలకలూరిపేట దాటాక రోడ్డు వారన గెంతుకుంటూ పోతున్న మనిషి కనపడ్డాడు. మార్చి ఎండకు తారు జిగటగా కరుగుతోంది. గెంతును బట్టే తమ ఊరి యలమందయ్య అని పోల్చుకుని ట్రక్కు ఆటో ఆపి ఎక్కించుకున్నాడు. చెప్పులు లేనివాళ్ళు ఈ లోకంలో ఎందరైనా ఉంటారు. కొనుక్కోగలిగి కూడా తొడుక్కోనివాడు ఆ చుట్టుపక్కల ఇతనొక్కడే.

అందుకు కారణం వేలూరిపాడు నియోజకవర్గం. పుట్టిన నాటినుంచీ అదో పెంకి సీటు. రాష్ట్రమంతా ఒక గాలి వీస్తే అక్కడ ఎదురుగాలి. ఒకసారి జమీందారుగారిని పొగాకు కాల్చే బేరన్ల మేస్త్రీ చేతిలో ఓడించింది. పెద్దాయన మంచమెక్కాడని విని, పాపమనిపించి, మరుసటి ఎన్నికల్లో మేస్త్రీని ఓడించింది. అలాంటి సీటు మీద ఆశ పెట్టుకోవడమంటే కృష్ణ ఒడ్డు ఇసుకలో పునాది తీయడమే. అయినా మనవాళ్ళు ఊరుకోరు. ఒకడు గడ్డం పెంచుతాడు, ఇంకొకడు సగం మీసం పందెం కాస్తాడు.

తొంభై తొమ్మిదిలో తన పార్టీ తరపున అక్కడ నిలబడ్డ ప్రేమ్‌చంద్ బాబు ఓడిపోయాడని రేడియోలో వినగానే యలమందయ్య కాళ్ళనున్న చెప్పులు తీసి టీకొట్టు ముందు కాలవలోకి విసిరేశాడు. వేలూరిపాడు సీట్లో బాబు గెలిచిందాకా మళ్ళీ తొడగనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎదుటి పార్టీవాడైన మీరా హుస్సేనే సాక్షి. రెండువేల నాలుగులో బాబు పార్టీ రాష్ట్రమంతా ఊడ్చుకుపోయింది. వేలూరిపాడులో బాబు మాత్రం మళ్ళీ ఓడాడు. పల్లేరుకాయలు, పత్తి మోళ్ళు, కంపముళ్ళు అన్నీ యలమందయ్య అరికాళ్ళనే ఎంచుకున్నాయి. మడమల పగుళ్ళకు ఆముదం రాసి రాసి విసిగిన భార్య సుబ్బరావమ్మ, "మీ బాబు సంగతేమో గానీ నా ఆముదం సీసా డిపాజిట్టు పోగొట్టుకుంది" అనేది.

తీరా ఇప్పుడు, ఈ ఎన్నికల ముందు, నియోజకవర్గాల హద్దులు మార్చి వేలూరిపాడు సీటునే లేకుండా చేశారు. ఊళ్ళన్నీ ఇటు కొన్ని, అటు కొన్ని పంచేశారు. వీళ్ళ చింతగుంటపాలెం ఒక సీట్లోకి పోతే, బాబు పక్క సీట్లో నిలబడ్డాడు. లేని సీట్లో ఎవరైనా ఎలా గెలుస్తారు? ఒట్టు తీరినట్టా, చచ్చేదాకా ఉన్నట్టా? ఊళ్ళో దీని మీద పెద్ద పంచాయితీలే జరిగాయి.

"సాక్షిని నేనే చెబుతున్నా, తొడుక్కోరా" అన్నాడు ఆటోలో మీరా హుస్సేన్.

"నువ్వెవడివిరా చెప్పడానికి? ఆయన కోసం పెట్టుకున్న ఒట్టు. ఆయన్నే అడుగుతా. ఒట్టు వదలమంటే వదులుతా, ఉండమంటే ఉంటా."

అతను బయలుదేరిందే అందుకు. పార్టీ ఆఫీసుదాకా పోనక్కర్లేకపోయింది. రెండు మలుపులు తిరిగేసరికి డప్పులు, జెండాలు, మధ్యలో ప్రేమ్‌చంద్ బాబే నడిచి వస్తున్నాడు. యలమందయ్య ఆటో ఆగకముందే దూకి, జనాన్ని తోసుకుని వెళ్ళి దణ్ణం పెట్టాడు. బాబు రెండు చేతులా అతని చెయ్యి అందుకుని, ఏ ఊరని అడిగాడు.

"చింతగుంటపాలెమండి. తొంభై తొమ్మిదిలో తమరి కోసం..."

బాబు పక్కనున్న అనుచరుడి వైపు తిరిగాడు. "అది మన కిందికి రాదు కదా?"

"రాదు సార్."

బాబు చేతులు సడలాయి. చూపు అప్పుడే వెనకనున్న మనిషి మీదికి పోయింది. పోతూ పోతూ కిందికి చూసి, "ఎండగా ఉంది పెద్దాయనా, చెప్పులేసుకుని తిరగాలి" అని అతని భుజం తట్టి ముందుకు సాగాడు.

డప్పులు దూరమయ్యాయి. యలమందయ్య నిదానంగా ఆటో దగ్గరికి వచ్చాడు.

"నీ చెప్పులిటియ్యి" అన్నాడు యలమందయ్య.

మీరా హుస్సేన్ విప్పి ఇచ్చాడు. యలమందయ్య వాటిలో కాళ్ళు దూర్చాడు. అలవాటు తప్పిన కాళ్ళు కొంగలా ఎత్తెత్తి వేస్తూ, వెనక్కి తిరిగి చూడకుండా ఊరి దారి పట్టాడు. దిగి ఆపుదామని మీరా హుస్సేన్ ఒక కాలు తారు మీద మోపి, చప్పున పైకి లాక్కున్నాడు.