కుప్పం వకీలు తెరిచిన పేజీ

నా చిన్నప్పుడు మా తాతయ్య మదనపల్లెలో వకీలు. ఇంటి ముందుగదిలో గోడ పొడవునా పాత తీర్పుల పుస్తకాలే ఉండేవి. ఎప్పుడో ఎవరికో పెద్ద కోర్టు చెప్పిన న్యాయాన్ని, అలాంటి చిక్కే ఇంకొకరికి వస్తే చిన్న కోర్టులూ పాటించాలని ఆయన చెప్పేవారు. ఎనిమిదేళ్ల నాకు మాత్రం అవి మందపాటి కాగితాలు, అంతే. అట్టపెట్టెలో పట్టుపురుగులు పెంచుతూ, వాటి కింద పరచడానికి ఒక పుస్తకంలో కుట్టు ఊడిన నాలుగు పేజీలు లాగేశాను.

ఆ రోజుల్లోనే పుంగనూరు దగ్గరి పల్లె నుంచి ఒకామె తాతయ్య ద్వారా కేసు వేసింది. ఆమె చేనికి ఉన్న ఒక్క బండిదారినీ పక్కచేను ఆసామి ముళ్లకంప వేసి మూసేశాడు. వేరుశెనగ పీకే అదును దాటిపోతోంది. విచారణ రోజు పొద్దున్నే తాతయ్య పుస్తకం తెరిస్తే, సరిగ్గా ఆమెకు కావలసిన తీర్పే లేదు. నేను ఏడుస్తూ పెట్టె తెచ్చి చూపించాను. పురుగులకు వేసిన మల్బరీ ఆకుల తడికి అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

తాతయ్య నన్ను కొట్టలేదు. అరుగు మీద కూర్చున్న ఆమె దగ్గరికి తీసుకెళ్లి, చేసిన పని చెప్పమన్నారు. చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాటా అనకుండా తాతయ్యనే అడిగింది.

"ఆ కాగితం లేకుంటే నాకు దారి లేనట్టేనా సామీ?"

ఆయన లేచి నల్లకోటు తొడుక్కున్నారు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నన్నూ కోర్టుకు తీసుకెళ్లారు. వెనక బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఇలాంటి దారి మీద పాత తీర్పు ఒకటి ఉందని, తన పుస్తకంలో ఆ పేజీలు పాడయ్యాయని తాతయ్య చెప్పారు. చూడకుండా ఎలా నమ్మేదన్నారు జడ్జిగారు. ఆసామి తరఫున వచ్చిన కుప్పం వకీలు నోరు మెదపకుండా ఉంటే చాలు, ఆ రోజు గెలుపు ఆయనదే. కానీ ఆయన లేచి, సంచిలోంచి అదే పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి జడ్జిగారి ముందు పెట్టారు. ఆ కేసు వేరు, ఈ కేసు వేరు అని తర్వాత చాలాసేపు వాదించారు కూడా. జడ్జిగారు రెండింటినీ పోల్చి చూసి, నాకైతే తేడా కనిపించడం లేదన్నారు. కేసు తేలేదాకా కంప తీసేయమన్నారు.

బయటికి రాగానే ఆసామి మండిపడ్డాడు.

"మీరు ఎవురి వకీలు సార్? ఆయమ్మకు పుస్తకం ఇచ్చేదానికా మిమ్మల్ని పెట్టుకున్నింది?"

"నీ వకీల్నేనప్పా. నీ కోసం అంతసేపు వాదించలేదా? ఉండే తీర్పును ఎందుకు దాయల్ల? రేపు నీ దారికి ఎవురన్నా కంప ఏస్తే, ఇదే సూపించి నీకూ దారి అడగల్ల గదా."

ఆసామి విసవిసా వెళ్లిపోయాడు. నా పక్కనున్న ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పుంగనూరు బస్సుకు పరుగెత్తింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. నేను న్యాయశాస్త్రం చదవలేదు, కోర్టు మెట్లు మళ్లీ ఎక్కలేదు. అయినా మొన్న పక్కింటివాళ్లతో హద్దుగోడ గురించి మాటామాటా వచ్చినప్పుడు, రెండిళ్ల పెద్దలు రాసుకున్న పాత కాగితం నా బీరువాలోనే ఉందని గుర్తొచ్చింది. అది వాళ్ల వైపే మాట్లాడుతుంది. అలాంటిదొకటి ఉందని వాళ్లకు తెలియదు. తీసుకెళ్లి ఆ ఇంటావిడ చేతిలో పెట్టాను. ఇచ్చేముందు వాళ్ల గడప దాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చాను. ఆ రోజు కుప్పం వకీలుగారూ పుస్తకం తీసేముందు అలాగే వెనకాడారేమో. వెనక బెంచీ నుంచి నాకు కనిపించలేదు.