వంకాయరంగు కోసం న్యూయార్క్ దాకా

మా ఆవిడ సుభద్రకి మంచి కెమెరా కొనాలని ఆగస్టులో అనుకున్నాం. డిసెంబరు మొదటి శుక్రవారం బయల్దేరాం. మధ్యలో నాలుగు నెలలు ఏం చేశారని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే. పట్టిక వేశాను.

నేను చదివింది బీకాం. ఒక మందుల కంపెనీ గోదాములో సరుకు లెక్కలు చూస్తాను. మిగతా లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో మేముండే అపార్ట్‌మెంట్లలో చాలామంది ఇండియాలో అచ్చయిన క్యాలెండర్ చూసి ఇక్కడ రాహుకాలం పాటిస్తారు. అక్కడి సూర్యుడు వేరు, ఇక్కడి సూర్యుడు వేరు అని చెప్పీ చెప్పీ, చివరికి అందరికీ నేనే లెక్కకట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. కెమెరాల పట్టిక కూడా ఆ శ్రద్ధతోనే వేశాను. మూడు కెమెరాలు, నూటికి మార్కులు. మొదటిదానికి ఎనభై ఏడు వచ్చాయి, మూడోదానికి డెబ్భై ఒకటి.

సుభద్ర ఇన్నాళ్ళూ ఫోన్‌తోనే ఫొటోలు తీసేది. మా వైపు ఎవరింట్లో పుట్టినరోజైనా, వ్రతమైనా ఆ పని ఆమెదే. ఎవర్నీ నిలబడమనదు, నవ్వమనదు. ఎవరి పనిలో వాళ్ళుండగానే తీసేస్తుంది. అందుకే పై అంతస్తులో ఉండే మాధవి తన కూతురు అన్విత కూచిపూడి రంగప్రవేశానికి ఫొటోల పని సుభద్రకే అప్పగించింది. ఆహ్వానపత్రిక అడుగున చిన్న అక్షరాల్లో ‘ఫొటోలు: సుభద్ర’ అని కూడా వేయించింది. ఆ పత్రిక మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. సుభద్ర దాన్ని రోజుకోసారి సరిచేస్తుంది, అది వంకరగా లేకపోయినా.

చిక్కు బుధవారం వచ్చింది. అన్విత కొత్త దుస్తులు వేసుకుని చూసుకుంటుంటే సుభద్ర ఫోన్‌తో ఫొటోలు తీసి మాధవికి పంపింది. అవి ధర్మవరం నుంచి తెప్పించిన వంకాయరంగు పట్టుచీరతో కుట్టించిన దుస్తులు. ఫొటోల్లో నీలంగా వచ్చాయి. “ఆంటీ, ఇందులో నేను ఫుల్ బ్లూ,” అంది అన్విత. వాళ్ళమ్మ ఇంకాస్త మెత్తగా చెప్పింది.

“అక్కా, ఏమనుకోకు. ఇది మా చీర కాదు, ఎవరిదో నీలం చీర. ఆదివారం కూడా ఇలాగే వస్తే మా అత్తగారికి ఏం చెప్పను? ఎందుకైనా మంచిదని ఎడిసన్ ఊళ్ళో ఒక ఫొటోగ్రాఫర్‌ని అడిగి ఉంచాను. నువ్వు శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు.”

అలా నా నాలుగు నెలల పట్టికకి రెండు రోజుల గడువు పడింది. న్యూయార్క్‌లో నేను ఎంచుకున్న దుకాణం శనివారం తెరవరు. ఆదివారం రంగప్రవేశం. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే సోమవారం వస్తుంది. మిగిలింది శుక్రవారమే. ఆఫీసుకి సెలవు పెట్టాను.

పొద్దున ఎనిమిదీ పదికి ఇంటి నుంచి కారులో ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌కి వెళ్ళాం. పార్కింగ్‌కి డబ్బు విడిగా కట్టాలి. టికెట్ ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. రానూపోనూ మనిషికి దాదాపు నలభై డాలర్లయింది. అయితే కొన్న టికెట్‌ని రైలు వచ్చేటప్పుడు ఆక్టివేట్ చేయాలి. ముందే చేస్తే గడువు దాటిపోతుంది, మరిచిపోతే కండక్టర్ ముందు వెతుక్కోవాలి. నేను రైలు లైటు కనిపించాక చేశాను.

ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన ఒక తెలుగమ్మాయి ఉంది. పేరు హారిక, ఊరు కరీంనగర్, ఎమ్మెస్ చదువుతోంది. నేను ఫోన్‌లో పట్టిక చూసుకుంటుంటే పక్కనుంచి తొంగిచూసింది.

“అంకుల్, కెమెరా కొంటున్నరా? గింత పెద్దది వద్దు. మా రూమ్మేట్ ఒకామె కొన్నది, మూడు లెన్సులతోని. ఇప్పుడది అల్మారాల పడుకుంది. ఆమె ఫోన్‌తోనే ఫొటోలు దిగుతది.”

“ఎందుకమ్మా?” అంది సుభద్ర.

“బరువు ఆంటీ. మెడకేసుకుంటే ఎద్దుకు గంట కట్టినట్టుంటది.”

నా పట్టికలో బరువుకి ఐదు మార్కులే ఇచ్చాను. ఆ సంగతి చెప్పలేదు.

న్యూఆర్క్ దాటాక రైలు ఆగింది. ముందు ఇంకో రైలు ఉందని మైకులో చెప్పారు. పద్దెనిమిది నిమిషాలు ఆగి మళ్ళీ కదిలింది. ఈ ఆలస్యం పెద్దది కాదు గానీ, నాకు మాత్రం పెద్దదే. ఎందుకంటే ఆ రోజు ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి రాహుకాలం పదీ ముప్ఫై ఏడుకి మొదలవుతుంది. మేం దుకాణం ఉన్న వీధికి చేరేసరికి పదీ నలభై ఒకటి. దుకాణం రోడ్డుకి అవతలి వైపు ఉంది. నేను ఇవతలే ఆగిపోయాను.

“నాలుగు నిమిషాలకి ఏమవుతుంది?” అంది సుభద్ర.

“మొదటి కెమెరా. మొదటి అడుగు.”

“ఆ రాహుకాలం కట్టింది మీరేగా. ఓ గంట తగ్గించి కట్టండి.”

ఇవతలి వైపున్న కాఫీ కొట్టులో కూర్చున్నాం. రెండు కాఫీలు పన్నెండు డాలర్లు. ఒక్క కాఫీతో గంటసేపు కూర్చోవడం మర్యాద కాదని మధ్యలో ఒక కేకు ముక్క కూడా కొన్నాం. ఇంటి నుంచి తెచ్చిన చపాతీ చుట్టలు బల్ల కింద నుంచి తిన్నాం. సుభద్ర కిటికీలోంచి దుకాణం వైపు చూస్తూ, “లోపలికి వెళ్ళినవాళ్ళందరూ సంచులతో బయటికి వస్తున్నారు. వీళ్ళెవరికీ రాహువు లేడు కాబోలు,” అంది. నేను నా ప్రణాళిక వేళలు మార్చి చదివి వినిపించాను. పన్నెండు నుంచి రెండు దాకా పరిశీలన. రెండింటికి భోజనం. మళ్ళీ మూడు నుంచి ఐదు దాకా తుది నిర్ణయం.

పదకొండూ నలభై ఎనిమిదికి రోడ్డు దాటాం. తలుపు మీద బోర్డుంది. శుక్రవారం ఒంటిగంటకి మూసివేయబడును.

నేను దాన్ని మూడుసార్లు చదివాను. సుభద్ర ఒక్కసారే చదివింది.

“ఐదు దాకా అన్నారు?”

“వెబ్‌సైటులో అలాగే ఉంది.”

“ఎప్పుడు చూశారు?”

“ఆగస్టులో.”

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

లోపల కౌంటరు వెనక తెల్లగడ్డం, నెత్తిమీద యూదులు పెట్టుకునే చిన్న గుండ్రటి టోపీతో ఒక పెద్దాయన ఉన్నాడు. ఇంగ్లీషులోనే మాట్లాడాడు, నేను తెలుగులో రాస్తున్నాను. సమయం గురించి అడిగితే, “శుక్రవారం పొద్దుగూకితే మా విశ్రాంతి దినం మొదలవుతుంది. అందరూ ఇళ్ళకి చేరాలి కదా. వేసవిలో సూర్యుడు ఆలస్యంగా పోతాడు, మేమూ ఆలస్యంగా మూస్తాం. చలికాలంలో తొందరగా పోతాడు,” అన్నాడు.

సుభద్ర నా వైపు చూడకుండానే తెలుగులో అంది. “అక్కడి సూర్యుడు వేరు, ఇక్కడి సూర్యుడు వేరు అని ఊరందరికీ చెప్తారు. ఆగస్టు సూర్యుడు వేరు, డిసెంబరు సూర్యుడు వేరు అని మీకెవరూ చెప్పలేదా?”

నేను కెమెరాలు ఎక్కడున్నాయని పెద్దాయన్ని అడిగాను.

మూడు కెమెరాలూ కౌంటరు మీద వరసగా ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక్కోదానికి సన్నటి తీగ కట్టి ఉంది. నేను పట్టిక తీసి మొదటిదాని గుణగణాలు చెప్పడం మొదలుపెట్టాను. ఈలోగా సుభద్ర హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక గుడ్డముక్క తీసి కౌంటరు మీద పరిచింది. అన్విత దుస్తులు కుట్టగా మిగిలిన వంకాయరంగు పట్టుముక్క. మ్యాచింగ్ జాకెట్టు గుడ్డకి వెళ్ళినప్పుడు చీర తీసుకెళ్ళినట్టు తీసుకొచ్చింది.

“ఇది దేనికి?” అన్నాడు పెద్దాయన.

“మ్యాచింగ్‌కి,” అంది.

మొదటి కెమెరాతో ఫొటో తీసింది. నీలం. రెండోదానితో తీసింది. బీట్‌రూట్ రంగు. మూడోదానితో తీసి, తెరని గుడ్డ పక్కన పెట్టి, అటూ ఇటూ తల వంచి చూసింది. “ఈ లైట్లలో ఏం తెలుస్తుంది,” అని ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని వీధి తలుపు వైపు నడిచింది. బట్టలు కొనడానికి వెళ్ళినప్పుడల్లా ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే అది. రంగు చూడాలంటే వెలుతురులోకి వెళ్ళాలి.

తీగ బిగుసుకుంది. దుకాణమంతా అలారం మోగింది. తలుపు దగ్గర కాపలా మనిషి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. కొనడానికి వచ్చినవాళ్ళందరూ మా వైపు తిరిగారు. సుభద్ర మాత్రం తీగ ఎంతవరకు వస్తుందో అంతవరకు వెళ్ళి ఆగి, “ఇంకో పదడుగులు చాలండీ,” అంది నాతో, నేనేదో తీగ పొడిగించగలిగినట్టు.

పెద్దాయన అలారం ఆపి, తాళంచెవితో తీగ విప్పి, కెమెరా తనే మోసుకుంటూ మాతో తలుపు దాకా వచ్చాడు. గుడ్డని కాపలా మనిషి చేత పట్టించింది సుభద్ర. తలుపు తెరిచి ఉండటంతో చలి లోపలికి కొడుతోంది. “మిగతా రెండూ కూడా తెప్పించండి,” అంది.

అవి వచ్చేలోగా పెద్దాయన ఆకాశం వైపు చూస్తుంటే, మేం పన్నెండింటికి ముందు ఎందుకు రాలేదో ఆయనకి చెప్పాను. పగటిని ఎనిమిది భాగాలు చేస్తాం, శుక్రవారం నాలుగో భాగం మంచిది కాదు అన్నాను.

“గడియారం గంటలు కావు కదా? సూర్యుడు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా?” అన్నాడు.

“అవును.”

“మేం పన్నెండు చేస్తాం,” అన్నాడు ఆయన, కెమెరాని చంకలో పెట్టుకుని. “మా ప్రార్థన వేళలన్నీ దాంతోనే. చలికాలంలో మా గంట చిన్నది.”

“మా భాగం ఇవాళ డెబ్భై ఒక్క నిమిషాలు.”

“అయితే మాది నలభై ఏడు, కొంచెం పైన,” అన్నాడు వెంటనే. నేనూ మనసులో కట్టి చూశాను. సరిపోయింది. అమెరికా వచ్చాక నాకు ఇంత తొందరగా అర్థమైన మనిషి ఇంకొకరు లేరు. ఆ తర్వాత ఎనిమిది మంచిదా పన్నెండు మంచిదా అన్న చర్చ సాగింది. ఎంతసేపో నేను చూసుకోలేదు, ఆయనా చూసుకోలేదు.

“మీ ఇద్దరి సూర్యుడూ దిగిపోతున్నాడు,” అంది సుభద్ర ఇంగ్లీషులో. పన్నెండూ నలభై అయింది. ఈలోగా ఆమె మూడిటితోనూ వెలుతురులో ఫొటోలు తీసి, గుడ్డ పక్కన పెట్టి చూసేసింది. “మూడోది తీసుకుంటాను.”

“దానికి డెబ్భై ఒకటే,” అన్నాను.

“మీ పట్టికలో వంకాయరంగుకి ఎన్ని మార్కులు?”

నేను పట్టిక పైనుంచి కింది దాకా చూశాను, లేదని తెలిసినా.

మూడోది చేతిలో కూడా కుదిరింది. మొదటిదాంట్లో మీట దాకా ఆమె వేలు సాగదీయాల్సి వచ్చింది, మూడోదాంట్లో వేలు దానంతటది వెళ్ళి కూర్చుంది. చప్పుడు లేకుండా ఫొటో తీస్తుంది, నృత్యానికి అదీ కావాలి. మొదటిదానికంటే నాలుగు వందల డాలర్లు తక్కువ కూడా. బిల్లు వేస్తుండగా ఒక్కో వరస లైటూ ఆపేస్తున్నారు. “ఇంకేమైనా కావాలా?” అన్నాడు పెద్దాయన. “నా పట్టికలో ఉన్నవన్నీ అయ్యాయి,” అన్నాను గట్టిగా. ఒంటిగంటకి రెండు నిమిషాలుండగా రోడ్డు మీద ఉన్నాం. మా వెనక తలుపు తాళం పడింది.

స్టేషన్‌లో తిరుగు రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చివరి క్షణం దాకా చెప్పరు. జనమంతా బోర్డు కింద తల ఎత్తి నిలబడతారు, నంబరు పడగానే ఒక్కసారిగా పరుగెడతారు. మేమూ పరుగెత్తి ఇద్దరు కూర్చునే సీటు సంపాదించాం. రైలు సొరంగం దాటి ఎండలోకి వచ్చాక సుభద్ర పెట్టె విప్పింది. బ్యాటరీలో కాస్త శక్తి ఉంది. కెమెరా వెలిగింది. తెర మీద ఒక మాట కూడా వెలిగింది. కార్డు లేదు.

మెమరీ కార్డు విడిగా కొనాలి. పెట్టెలో రాదు. నా పట్టికలోనూ లేదు.

సుభద్ర పెట్టెని మరోసారి వెతికింది. తర్వాత గుడ్డముక్క తీసి నా భుజం మీద కండువాలా వేసి, “కిటికీ వైపు తిరగండి,” అని మీట నొక్కింది. ఫొటో తెర మీదికి వచ్చింది. నేను, నా భుజం మీద వంకాయరంగు. నీలం కాదు, బీట్‌రూట్ కాదు, అచ్చం వంకాయ. రెండు క్షణాలుండి మాయమైంది. కార్డు లేకపోతే చూపిస్తుంది గానీ దాచుకోదు.

“మళ్ళీ తియ్యి,” అన్నాను. తీసింది. ఈసారి నా ఫోన్‌తో ఆ తెరని ఫొటో తీశాను. నా ఫోన్‌లో అది నీలంగా వచ్చింది.

మెట్రోపార్క్ స్టేషన్ దగ్గర మాధవి ఫోన్ చేసింది. సుభద్ర స్పీకర్ పెట్టింది.

“అక్కా, రంగు వచ్చిందా? ఎడిసన్ ఆయన అడుగుతున్నాడు.”

“వచ్చింది.”

“ఒకటి పంపించు.”

సుభద్ర నా వైపు చూసింది. పంపడానికి ఏమీ లేదు. ఇక్కడి మందుల షాపుల్లో ఇలాంటివీ అమ్ముతారు కాబట్టి కార్డు మా ఇంటి దగ్గరే దొరుకుతుంది, ఇంకో ముప్పావుగంట తర్వాత. ఎడిసన్ ఆయన ఆగడు.

“బావగారు పక్కనున్నారా? ఆయన్ని చెప్పమను,” అంది మాధవి. “బావగారూ, నిజం చెప్పండి. ఎంత వరకు వచ్చింది? నూటికి ఎంత?”

నలభై తొమ్మిదేళ్ళలో కాగితం మీద లేనిదాన్ని నేను ఎప్పుడూ ఖాయం చేయలేదు. చూపించడానికి నా దగ్గర రుజువు లేదు. రెండుసార్లు రెండు క్షణాలు చూసిందే ఉంది.

“మార్కులు లేవమ్మా,” అన్నాను. “అదే చీర.”

మాధవి “మీరే మార్కులు వెయ్యలేదంటే ఇంక అడిగేదేముంది. ఆయనకి వద్దని చెప్పేస్తా,” అని పెట్టేసింది.

సుభద్ర కెమెరాని పెట్టెలో పెట్టలేదు. మెడకి తగిలించుకుని ప్రిన్స్‌టన్ జంక్షన్ దాకా ఫొటోలు తీస్తూనే ఉంది. కిటికీ, ఎదుటి సీట్లో నిద్రపోతున్న ఒకాయన బూట్లు, నా చెవి. ఒక్కటీ మిగల్లేదు. అన్నీ బాగున్నాయి. మీలో ఎవరైనా ఇదే పని మీద న్యూయార్క్ వెళ్తే దుకాణం వేళలు వెళ్ళేరోజు చూసుకోండి, కార్డు మరిచిపోకండి, ఒక గుడ్డముక్క వెంట తీసుకెళ్ళండి. నా పట్టిక కావాలంటే పంపిస్తాను. ఇప్పుడు అందులో ఇంకో వరస ఉంది.