చోళ్లు తిన్న గొర్రెపిల్ల

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో, ఒకరోజు పొద్దున లేచేసరికి మా గొర్రెల్లోకెల్లా బలిసిన పిల్ల కాళ్లు బారజాపి చచ్చిపడి ఉంది. నరసన్నపేట దగ్గర పల్లె మాది. తల్లి లేని ఆ పిల్లను నేనే పాలు పట్టి పెంచాను. ముందురోజు సాయంత్రం దాకా నా వెనకే గెంతింది.

రోగమన్న మాట ఇంట్లో ఎవరికీ తోచలేదు. ముందురోజే పక్కింటి మామ్మ దాని వీపు నిమిరి, "ఎంత బాగా ఒళ్లు సేసిందే" అంది. నా అన్నవాళ్లు లేని ముసలిది. ఆమె చిల్లంగి పెట్టిందన్నారు. చేతబడిని మా వైపు అలాగే అంటారు. చిల్లంగి చేసేవాళ్ల ముందుపళ్లు రాలగొడితే ఇక మంత్రం నోట పలకదని ఒక పాడు నమ్మకం. మా పెదనాన్న ఆమెను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చాడు.

మా తాతయ్యకు మాత్రం మనసొప్పలేదు. "నానొచ్చీదాకా ముసిల్దాన్ని ఎవులూ ముట్టకండి" అని చెప్పి, పశువుల డాక్టరు కోసం నడిచి వెళ్లాడు. ఆయన ఊరు దాటేదాకే ఆ మాట చెల్లింది.

నాకో సంగతి తెలుసు. కళ్లంలో కొత్త చోళ్లు, అంటే రాగులు, రాశి పోసి ఉంటే, మూడు రోజులుగా ఎవరూ చూడకుండా ఒడినిండా తెచ్చి ఆ పిల్లకు పెట్టాను. అది తింటుంటే ముద్దొచ్చి ఇంకా పెట్టాను. ఆ మాట చెబితే వీపు చిట్లగొడతారని భయం. తేలు కుట్టిన దొంగలా తలుపు వెనక నిలబడ్డాను. బయట మామ్మ అరుపు విన్నాను. అప్పుడైనా నోరు విప్పలేదు.

డాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ముందు మామ్మ నోరు కడిగి, పళ్లు రాలగొట్టిన చోట నెత్తురు ఆగడానికి దూది పెట్టాడు. తరువాత అందరూ చూస్తుండగా గొర్రెపిల్ల పొట్ట కోశాడు. అరగని చోళ్లు నేలమీదికి జారాయి. ఇది చిటుకు రోగమనీ, బాగా తిని బలిసిన పిల్లలకే ఎక్కువగా వస్తుందనీ చెప్పాడు. దీని క్రిమి ఎవరో పంపితే వచ్చేది కాదట. ఆరోగ్యంగా ఉన్న గొర్రెల పేగుల్లోనూ ఎప్పుడూ ఉంటుందట. గడ్డి మేసినన్నాళ్లు కాస్తంతగా ఉండి ఏ హానీ చెయ్యదట. ఒక్కసారిగా గింజ ఎక్కువగా పడితే మితిమీరి పెరిగి విషం కక్కుతుందట. పెదనాన్న తల దించుకుని విన్నాడు.

తాతయ్య ఆ గింజలను చూసి, నా మొహం చూశాడు. "దీనికి సోళ్లు ఎవులెట్టినారే?" అన్నాడు. నేనేనని చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. చెయ్యి పట్టుకుని మామ్మ దగ్గరికి తీసుకెళ్లి, అదే మాట ఆమెకు చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె నెత్తురు ఊసి, "పొద్దున్నే సెప్పలేకపోనావా అమ్మా" అంది.

ఆ తరువాత ఆమె చాలా ఏళ్లు బతికింది. ఎవరితో మాట్లాడినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం తీసేసేది. నేను చూడాలనే అలా చేసేదని అనుకుంటాను. ఈ వయసులోనూ, ఇంట్లో ఏదైనా చెడు జరిగి ఎవరి పేరో నా నోటిదాకా వస్తే, ముందు నా చేత్తో నేనేం చేశానో వెతుక్కుంటాను. దొరికితే ఆ క్షణమే చెప్పేస్తాను.