దెబ్బకు దిగని మెయిల్

జోల్వా ఊళ్లోని మగ్గాల కార్ఖానాలో సూపర్‌వైజర్ సోమలింగానికి మాట కన్నా ముందు చెయ్యి లేస్తుంది. మగ్గం ఆగితే తన్నుతాడు, తలుపు పట్టేస్తే భుజంతో గుద్దుతాడు. పోగు తెంపిన నేతగాడి వీపు విమానం మోత మోగాల్సిందే. మూడు రోజులుగా ఆఫీసు కంప్యూటర్లోకి మెయిళ్లు దిగకపోయేసరికి దాని నెత్తిన కూడా నాలుగు బాదాడు.

బాగుచెయ్యడానికి డిండోలి నుంచి కంప్యూటర్ల పని తెలిసిన నవత వచ్చింది. "జర ఆగు కాకా, కొడితే దిగయి. ముందున్న పెద్ద మెయిల్ దిగేలోపే దీంట్ల పెట్టిన టైం అయిపోతుంది. ఎనకవన్నీ దానికోసమే ఆగినయ్," అంటూ కంప్యూటర్లో ఆ గడువు పెంచింది.

"ఎవడు పంపిండే గంత పెద్దది?"

"మీ సేఠే. ఏదో వీడియో."

మెయిల్ దిగగానే తెరిచింది. కార్ఖానా కెమెరా తీసిన వీడియో అది. కాలుజారి మగ్గం మీద పడ్డాడని సోమలింగం దవాఖానాలో రాయించిన నేతగాడు శివకృష్ణ అందులో ఉన్నాడు. సోమలింగం అతని జుట్టు పట్టి, తలను ఇనుప చట్రానికేసి కొడుతున్నాడు. ఒకసారి. రెండుసార్లు. తెల్లబట్ట మీద రక్తం చిందింది. కింద సేఠ్ ఒక్క ముక్కే రాశాడు: జవాబివ్వు.

"బంద్ చెయ్యవే!" అని అరుస్తూ సోమలింగం చెయ్యెత్తాడు. తెరమీద కూడా అదే చెయ్యి లేచింది. అక్కడిది దిగింది. ఇక్కడిది నవత ముఖం ముందు గాల్లోనే ఆగిపోయింది.